ఈమ్యాక్స్ లోపల గ్రాఫిక్స్ అప్లికేషన్లు: ఒక సంవాదం

ఈమ్యాక్స్ 1976లో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో పుట్టింది. అప్పటికి అది విడి ప్రోగ్రాము కాదు. టెకో అనే ఎడిటర్ మీద రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ తదితరులు పేర్చిన మ్యాక్రోల కట్ట. స్టాల్‌మన్ 1984లో మళ్లీ మొదటినుంచీ రాయడం ప్రారంభించిన గ్నూ ఈమ్యాక్స్ మరుసటి ఏడు జనం చేతికి వచ్చింది. ఇవాళ ఈమ్యాక్స్ అంటే అదే. అడుగున సి భాషలో రాసిన కేంద్రం, దాని మీద అంతా లిస్ప్. ఎడిటర్ నడుస్తూ ఉండగానే దాని నడత మార్చుకోవచ్చు గనుక వాడినవాళ్లు దానికి ఉత్తరాలు చదవడం నేర్పారు, ఫైళ్లు సర్దడం నేర్పారు, పనుల జాబితాలూ ఖాతా లెక్కలూ నేర్పారు. ఇవన్నీ అక్షరాలతో తెమిలే పనులు. తెమలనివి వేరే ఉన్నాయి: జావాస్క్రిప్ట్ లేనిదే తెరుచుకోని వెబ్ పేజీ, పీడీఎఫ్, వీడియో. వీటిని ఈమ్యాక్స్ లోపలికే తెచ్చుకోవాలన్నది వాది పక్షం. వద్దన్నది ప్రతివాది పక్షం. ఇద్దరూ పొద్దస్తమానం ఈమ్యాక్స్‌లో మునిగి ఉండేవాళ్లే. మరో ఎడిటరైన విమ్ వైపు నుంచి ఎవరినీ పిలవలేదు. పిలిస్తే చర్చ వేరే దారి పట్టేది.

వాది: కోడ్ రాసేది ఈమ్యాక్స్‌లో. దాని గురించి చదవాలంటే బ్రౌజర్‌కు పోవాలి, పరిశోధన పత్రం చూడాలంటే పీడీఎఫ్ రీడర్‌కు పోవాలి. పోవడం కష్టమని కాదండీ, అక్కడ వేళ్లు మోసపోతాయి. కంట్రోల్-డబ్ల్యూ నొక్కితే ఈమ్యాక్స్‌లో ఎంచుకున్న ముక్క తెగుతుంది, కావలసిన చోట అతికించుకోవచ్చు. అదే కీ బ్రౌజర్‌లో నొక్కితే ట్యాబే మూసుకుపోతుంది. సగం నింపిన ఫారం అలా గల్లంతు కాని ఈమ్యాక్స్ మనిషి ఉన్నాడా?

ప్రతివాది: లేడు. కానీ దానికి విరుగుడు బ్రౌజర్ కీలు మార్చుకోవడం. ఎడిటర్ కడుపులో బ్రౌజర్ పెట్టడం కాదు. మనం ఈమ్యాక్స్‌ను పట్టుకుని వేలాడేది కీల కోసం కాదు, బఫర్ కోసం. బఫర్‌లో ఉన్నదాన్ని దేన్నైనా వెతకొచ్చు, కోయొచ్చు, వరుసలో పేర్చొచ్చు, దాని మీద మ్యాక్రో నడపొచ్చు. మీరు తెచ్చే వెబ్ పేజీతో ఆ పని అవుతుందా?

ప్రతివాది మాటకు డైర్డ్ మంచి ఉదాహరణ. అది ఈమ్యాక్స్‌తో పాటే వచ్చే ఫైళ్ల జాబితా. ఒక ఫోల్డర్‌లో పెళ్లి ఫొటోలు కెమెరా ఇచ్చిన అర్థంలేని పేర్లతో ఉన్నాయనుకుంటే, ఆ జాబితాలో కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-క్యూ నొక్కగానే అది మామూలు పాఠంలాగా దిద్దుకునే స్థితికి వస్తుంది. కెమెరా పేరు ఉన్నచోటల్లా పెళ్లికూతురి పేరు పడేలా ఒక్కసారి మార్పిడి చేసి, కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే డిస్కులో ఫైళ్ల పేర్లన్నీ మారిపోతాయి. ఫైళ్ల పేర్లు మార్చడానికి విడిగా ఒక ప్రోగ్రాము ఎవరూ రాయనక్కరలేదు. జాబితా పాఠమే గనుక, పాఠానికి పనికొచ్చే పనిముట్లన్నీ దానికీ పనికొస్తాయి. ఈమ్యాక్స్ శక్తి అంతా ఈ ఒక్క ఏర్పాటులో ఉంది.

బొమ్మ ఆ ఏర్పాటులో ఎందుకు ఇమడదో తెలియాలంటే తెర ఎలా నిండుతుందో చూడాలి. బఫర్ అంటే అక్షరాల వరుస, ఆ అక్షరాలకు అంటుకున్న గుణాలు. ఈ ముక్క ఎర్రగా కనపడాలి, ఈ ముక్క కనపడకూడదు, అలాంటివి. తెరను గీసే భాగం ఆ వరుసను చదువుతూ ఎక్కడ ఏ అక్షర రూపం పడాలో తానే లెక్క కడుతుంది, కిందటిసారికీ ఇప్పటికీ ఏది మారిందో అంతవరకే తిరిగి గీస్తుంది. నెమ్మదైన టెర్మినల్ లైన్ల కాలంలో ఈ పొదుపు ప్రాణాధారం. బొమ్మల సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు.

పట్టిన సంస్థల్లో లూసిడ్ ఒకటి. ఎనర్జైజ్ అనే తన ప్రోగ్రామింగ్ సరంజామాకు గ్రాఫిక్స్ తెలిసిన ఈమ్యాక్స్ కావలసి వచ్చి, గ్నూ వారి పందొమ్మిదో వెర్షన్ ఎంతకీ రాకపోవడంతో, 1991లో సొంత శాఖ మొదలుపెట్టింది. అదే తరవాత ఎక్స్‌ఈమ్యాక్స్ అయింది. ఈమ్యాక్స్ చరిత్రలో అతి పెద్ద చీలికకు గ్రాఫిక్స్ అవసరమూ ఒక కారణం కావడం గుర్తుంచుకోదగ్గ సంగతి. గ్నూ ఈమ్యాక్స్ 19 1993లో వచ్చింది. బొమ్మలు, రకరకాల సైజుల ఫాంట్లు మాత్రం 2001లో, 21వ వెర్షన్‌తో గానీ రాలేదు. అందుకు గెర్డ్ మోల్‌మన్ తెర గీసే భాగాన్ని మొత్తంగా తిరగరాయవలసి వచ్చింది. అంత చేసినా బొమ్మకు దొరికింది ఒక పెద్ద అక్షరం హోదాయే. బఫర్‌లో ఒక అక్షరం ఉంటుంది, దాని చోట ఫలానా బొమ్మ చూపించమనే గుణం ఉంటుంది. అంతే.

వాది: ఆ హోదాతోనే చాలా దూరం వచ్చాం కదండీ. మీ కంప్యూటర్లో పీడీఎఫ్-టూల్స్ లేదా?

ప్రతివాది: ఉంది.

వాది: అది బొమ్మ కాదా మరి?

ప్రతివాది: బొమ్మే. ఆ బొమ్మను గీసేది మాత్రం ఈమ్యాక్స్. తేడా అక్కడుంది.

ఈమ్యాక్స్ 23తో 2009లో వచ్చిన డాక్‌వ్యూ పీడీఎఫ్‌లోని పేజీలను ముందుగానే బొమ్మలుగా మార్చి ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో దాచేది. లావుపాటి పుస్తకం తెరిస్తే డిస్కు నిండా బొమ్మలే. ఆండ్రియాస్ పోలిట్జ్ రాసిన పీడీఎఫ్-టూల్స్ ఆ పద్ధతిని మార్చింది. పాప్లర్ అనే పీడీఎఫ్ లైబ్రరీతో కట్టిన చిన్న సర్వర్ ప్రోగ్రామును పక్కన నడిపి, ఏ పేజీ చూస్తుంటే ఆ పేజీకే బొమ్మ అడిగి తెచ్చుకుంటుంది. కంట్రోల్-ఎస్ నొక్కి ఒక మాట వెతికితే, ఆ మాట పేజీలో ఎక్కడెక్కడ ఉందో సర్వర్ కొలతలతో సహా చెబుతుంది, ఆ చోట్లు రంగు పూసుకుని కనిపిస్తాయి. వెతకడానికి నొక్కే కీ మామూలు బఫర్‌లో నొక్కేదే. పాఠం లోపల లేకపోయినా పాఠం ఉన్నట్టే నడుస్తుంది.

వాది: మెచ్చుకోవలసిందే. కానీ పేజీని బొమ్మ చేయించి, ఆ బొమ్మను చదివి, విప్పి, గీసేసరికి ఎంత తతంగం! స్కాన్ చేసిన నాలుగైదు వందల పేజీల పుస్తకం తెరిచి గబగబా తిప్పి చూడండి, మీకే తెలుస్తుంది. బొమ్మ ఒక అక్షరమైతే, నిలువెత్తు అక్షరాన్ని నున్నగా జరపడం ఈమ్యాక్స్‌కు చేతకాని పని అయిపోయింది చాలాకాలం. పైగా ఇదంతా పీడీఎఫ్‌కే సరి. వీడియోను కూడా ఫ్రేముకో పీఎన్‌జీ చొప్పున చేయించి చూపిస్తారా?

ప్రతివాది: వీడియో ఎడిటర్‌లో ఎందుకు చూడాలన్నది నా మొదటి ప్రశ్న.

వాది: పాఠం వింటూ నోట్సు రాసుకునేవాళ్లను అడగండి, ఎందుకో చెబుతారు.

ఈ ఇబ్బందికి ఈమ్యాక్స్ కేంద్రంలోనే వెతికిన పరిష్కారం ఎక్స్‌విడ్జెట్. 2016లో వచ్చిన 25.1 వెర్షన్‌తో, కంపైల్ చేసేటప్పుడు కోరి పెట్టుకున్నవారికి, వెబ్‌కిట్ బ్రౌజర్ ఇంజను బఫర్‌లో అమరడం మొదలైంది. దాని కిటుకు పీడీఎఫ్ బొమ్మకు దగ్గరి చుట్టమే. వెబ్‌కిట్ తెర వెనక పేజీ గీస్తుంది, ఈమ్యాక్స్ దాన్ని తన అక్షరాల మధ్యకు నకలు చేసుకుంటుంది. జావాస్క్రిప్ట్ నడిచింది, పేజీ తెరుచుకుంది. అయితే అంత బరువైన ఇంజను ఎడిటర్ ప్రాసెస్‌కే కట్టుబడి ఉండటంతో, వెబ్‌కిట్ లైబ్రరీ మారినప్పుడల్లా ఈమ్యాక్స్ తూలింది. పేజీలో తప్పు జరిగితే ఎడిటర్, దానితోపాటు సేవ్ చేయని ఫైళ్లు ప్రమాదంలో పడే ఏర్పాటు ఇది. దీన్ని ఈ సంవాదంలో ఇద్దరూ గట్టిగా సమర్థించలేదు.

వాది పక్షానికి అసలు ఆధారం ఈఏఎఫ్, అంటే ఈమ్యాక్స్ అప్లికేషన్ ఫ్రేమ్‌వర్క్. చైనాకు చెందిన ప్రోగ్రామర్ ఒకరు ఆండీ స్టూవర్ట్ పేరుతో 2018లో దీన్ని మొదలుపెట్టారు. ఇందులో బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్, వీడియో ప్లేయర్, మార్క్‌డౌన్ ప్రివ్యూ, మైండ్‌మ్యాప్ లాంటి అప్లికేషన్లు పైథాన్‌లో, క్యూటీ అనే గ్రాఫిక్స్ లైబ్రరీతో రాసి ఉంటాయి. బ్రౌజర్ ఇంజను క్రోమియం నుంచి వచ్చింది. ఇవేవీ ఈమ్యాక్స్ ప్రాసెస్‌లో నడవవు.

ఒక పీడీఎఫ్ తెరిచినప్పుడు జరిగేది ఇది. ఈఏఎఫ్-ఓపెన్ అనే ఆజ్ఞ ఇచ్చి ఫైలు చూపగానే ఈమ్యాక్స్ ఒక ఖాళీ బఫర్ సృష్టిస్తుంది. దాన్ని చూపుతున్న విండో ఎడమ అంచు ఎక్కడ, పై అంచు ఎక్కడ, వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అన్న నాలుగు అంకెలు పైథాన్ ప్రాసెస్‌కు పంపుతుంది. పైథాన్ సరిగ్గా ఆ కొలతకు ఒక క్యూటీ విండో చేసి, దాన్ని ఈమ్యాక్స్ ఫ్రేముకు, అంటే ఈమ్యాక్స్ మొత్తం కనపడే బయటి విండోకు, పిల్ల విండోగా మార్చమని తెర మీది విండోలను నడిపే ఎక్స్ సర్వర్‌ను అడుగుతుంది. ఎక్స్ 11లో ఒక ప్రోగ్రాము విండోను మరో ప్రోగ్రాము విండో కిందికి మార్చే సౌకర్యం మొదటినుంచీ ఉంది. ఖాళీ బఫర్ ఉన్నచోట పీడీఎఫ్ పేజీ కనపడుతుంది, దాని కింద ఈమ్యాక్స్ మోడ్‌లైన్ యథాప్రకారం ఉంటుంది. చూసేవారికి అతుకు తెలియదు.

ఇప్పుడు పేజీ కిందికి జరపడానికి ఒక కీ నొక్కారనుకుందాం. ఆ కీ చేరేది ఈమ్యాక్స్‌కు. ఈమ్యాక్స్ తన కీల పట్టికలో చూసి ఫలానా పని అని తేల్చి, ఆ పని పేరు పైథాన్‌కు పంపుతుంది. పైథాన్ పేజీ జరుపుతుంది, క్యూటీ గీస్తుంది. విండోను రెండుగా చీలిస్తే ఈమ్యాక్స్ కొత్త కొలతలు పంపుతుంది, క్యూటీ విండోలు ఆ మేరకు జరుగుతాయి, కొత్తవి పుడతాయి, పాతవి పోతాయి. ఎదురు దిశలో పైథాన్ కూడా ఈమ్యాక్స్‌లోని లిస్ప్ ఫంక్షన్లను పిలవగలదు. ఈ రాయబారానికి మొదట్లో డీ-బస్ వాడారు, తరవాత ఈపీసీ అనే పద్ధతికి మారారు.

వాది: ఇందులో తెలివి చూడండి. లిస్ప్ అంతా ఒకే దారం మీద నడుస్తుంది. 2018లో 26వ వెర్షన్ తెచ్చిన థ్రెడ్లు కూడా వంతులవారీగా నడిచేవే తప్ప ఒకేసారి రెండు పనులు చేసేవి కావు. బరువైన పని ఏది లోపల పెట్టినా ఎడిటర్ బిగుసుకుపోతుంది. బయట పెడితే ఆ బాధ లేదు. పీడీఎఫ్ రీడర్ కుప్పకూలినా నా ఫైళ్లు భద్రం. ఈఏఎఫ్ రచయితే తరవాత ఎల్‌ఎస్‌పీ-బ్రిడ్జ్‌లో కోడ్ సూచనల పనిని కూడా ఇలాగే పైథాన్‌కు అప్పగించారు.

ప్రతివాది: పని బయట పెట్టడం మీద నాకు పేచీ లేదండీ. పీడీఎఫ్-టూల్స్ కూడా పని బయటే పెట్టింది. నా పేచీ గీయడం బయట పెట్టడం మీద. మీ ఏర్పాటు ఇంట్లో ఒక వాటా అద్దెకిచ్చి, ఆ వాటాలో వంట కూడా మా ఇంటి వంటే అన్నట్టుంది. ఆ చతురస్రంలో ఈమ్యాక్స్ ఒక్క చుక్క కూడా పెట్టలేదు. అక్కడ కంట్రోల్-ఎస్ నొక్కితే వెతికేది ఈమ్యాక్స్ కాదు, పైథాన్. అందులో ఒక వాక్యం ఎంచుకుని మ్యాక్రో నడపండి చూద్దాం. మీరు రాసుకున్న లిస్ప్ ఒక్క వరుస అయినా ఆ పేజీలోని మాటలకు తగులుతుందా?

వాది: నేరుగా తగలదు. అడిగితే వస్తుంది. వెబ్ పేజీలో రాత పెట్టె ఉందనుకోండి, ఒక కీ నొక్కితే అందులోని పాఠం ఈమ్యాక్స్ బఫర్‌లోకి వస్తుంది. నా సంక్షిప్తాలు, నా స్పెల్లింగ్ పరీక్ష, నా మ్యాక్రోలు అన్నీ అక్కడ పనిచేస్తాయి. ముగించగానే తిరిగి పెట్టెలో పడుతుంది. లింకులకు అక్షరాల గుర్తులు వస్తాయి, మౌస్ ముట్టనక్కరలేదు.

ప్రతివాది: అంటే దాటివచ్చినంత మేరకే అది ఈమ్యాక్స్.

వాది: దాటివచ్చేది పెంచుకుంటూ పోవచ్చు అంటాను నేను.

చర్చ అంతటికీ కొలబద్ద ఇక్కడ దొరుకుతుంది. బొమ్మ కనపడిందా లేదా అన్నది కాదు, బొమ్మ వెనక ఉన్న పాఠం ఎంతవరకు లిస్ప్ చేతికి వచ్చింది అన్నదే చూడవలసింది. ఆ లెక్కన పీడీఎఫ్-టూల్స్ తక్కువ చూపించి ఎక్కువ అందించింది. ఈఏఎఫ్ బ్రౌజర్ ఎంతో చూపిస్తుంది, అందించేది మాత్రం దాని రచయితలు తలపెట్టి వంతెన కట్టినంతే.

ఈ కొలబద్ద కొందరికి ముచ్చట కాదు, బతుకు అవసరం. ప్రతివాది ఈమ్యాక్‌స్పీక్‌ను ముందుకు తెచ్చింది అందుకే. భారతదేశంలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టి.వి. రామన్ చూపు లేనివారు. 1995లో ఆయన విడుదల చేసిన ఈమ్యాక్‌స్పీక్ ఈమ్యాక్స్‌ను మాట్లాడే డెస్క్‌టాప్‌గా మార్చింది. మామూలు స్క్రీన్ రీడర్ తెర మీద కనపడేదాన్ని చదువుతుంది. ఈమ్యాక్‌స్పీక్ బఫర్ లోపలికి వెళ్లి, ఇది శీర్షిక, ఇది కామెంట్, ఇది లింకు అని గుణాలను చూసి గొంతు మార్చి పలుకుతుంది. లిస్ప్ ఫంక్షన్లకు అదనపు నడత తగిలించే సౌకర్యంతో ఇదంతా సాధ్యమైంది. ఒక్కో ఫంక్షన్ పని ముగించగానే ఏం చెప్పాలో ఈమ్యాక్‌స్పీక్ చెబుతుంది.

ప్రతివాది: 2014లో 24.4తో వచ్చిన ఈడబ్ల్యూడబ్ల్యూ బ్రౌజర్ పేజీని పాఠంగా బఫర్‌లో పెడుతుంది. ఈమ్యాక్‌స్పీక్ దాన్ని గడగడా చదువుతుంది. మీ క్యూటీ చతురస్రం ముందు నోరు మూసుకుంటుంది. ఎందుకంటే బఫర్ ఖాళీ.

వాది: ఈడబ్ల్యూడబ్ల్యూలో జావాస్క్రిప్ట్ నడవదు. బ్యాంకు సైటు తెరుచుకోదు. తెరుచుకోని పేజీని ఎంత బాగా చదివితే ఏం లాభం?

ప్రతివాది: తెరుచుకోనిదానికి బయటి బ్రౌజర్, దాని స్క్రీన్ రీడర్ ఉన్నాయి. అవి ఆ పనికోసమే తయారైనవి. మధ్యలో మీ చతురస్రం అటు ఈమ్యాక్‌స్పీక్‌కూ అందదు, ఇటు బయటి బ్రౌజరంత బాగానూ ఉండదు.

ఈ అంశంలో ప్రతివాది మాటే నెగ్గింది. వాది బదులు చెప్పకుండా తరవాతి విషయానికి వెళ్లడమే అందుకు సాక్ష్యం. టెర్మినల్ సంగతీ అంతే. దూరాన ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయి అక్షరాల తెర మీద ఈమ్యాక్స్ నడిపేవారికి ఈఏఎఫ్ ఉన్నా లేనట్టే.

మరో చిక్కు, ఎక్స్ 11 స్థానంలోకి వస్తున్న వేలాండ్. ఈమ్యాక్స్ లాగే ఎక్స్ 11 కూడా 1987లో ఎంఐటీ నుంచి వచ్చిందే. ఒకరి విండోలో మరొకరు దూరే స్వేచ్ఛ ఆ రోజుల సదుపాయం. ఇప్పటి దృష్టిలో అది భద్రతా లోపం; ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాము కీలను దొంగచాటుగా వినగలదు కూడా. 2008లో మొదలైన వేలాండ్ ఈ దారులు మూసింది. వేలాండ్‌లో ఒక ప్రోగ్రాము మరోదాని విండోను తన కిందికి తెచ్చుకోలేదు, తన విండో తెర మీద ఎక్కడ ఉండాలో కూడా తానే చెప్పలేదు. ఈమ్యాక్స్ 29 2023లో ఎక్స్ అవసరం లేని శుద్ధ జీటీకే రూపంతో వేలాండ్‌కు సిద్ధమైంది. ఈఏఎఫ్ కిటుకు మాత్రం ఎక్స్ మీదే నిలబడింది. వేలాండ్‌లో అది ఈమ్యాక్స్ మీద విడి విండోను తేల్చి, ఒక్కో డెస్క్‌టాప్‌కు ఒక్కో సర్దుబాటు చేసుకోవలసి వస్తుంది. లేదా పాత ఎక్స్ ప్రోగ్రాముల కోసం వేలాండ్ పెట్టిన ఎక్స్‌వేలాండ్‌లో ఈమ్యాక్స్‌నూ క్యూటీనీ కలిపి నడుపుకోవాలి.

ప్రతివాది: ఎక్స్ మీదే ఉంటానంటే ఈఏఎఫ్ కన్నా మంచిది, ఈమ్యాక్స్‌నే విండో మేనేజర్ చేసే ఈఎక్స్‌డబ్ల్యూఎం. అందులోకి అసలు ఫైర్‌ఫాక్స్‌నే తెచ్చుకోవచ్చు. మొజిల్లా వారు భద్రతా లోపం సరిదిద్దిన రోజునే మీకూ ఆ సవరణ అందుతుంది. క్యూటీలో ఇమిడిన క్రోమియం ఆ వేగంతో మారుతుందని చెప్పగలరా?

వాది: చెప్పలేను. కానీ ఈఎక్స్‌డబ్ల్యూఎంలో విండో మేనేజరే ఈమ్యాక్స్. లిస్ప్‌లో ఒక ఫంక్షన్ తిరుగుడు పడిందంటే ఎడిటర్ కాదు, డెస్క్‌టాప్ మొత్తం నిలిచిపోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో వీడియో నడుస్తూనే ఉంటుంది, మీరు మాత్రం విండో మార్చలేరు. ఇందాక లోపలి పని బయట పెట్టడం మీద పేచీ లేదన్నారు కదా. ఇది బయటి పనినంతా లోపల పెట్టడం.

వాది విమర్శ సరైనదే. క్రిస్ ఫెంగ్ 2015లో మొదలుపెట్టిన ఈఎక్స్‌డబ్ల్యూఎం ఎక్స్ ప్రోటోకాల్‌నంతా లిస్ప్‌లో మాట్లాడుతుంది. ప్రతి ఎక్స్ ప్రోగ్రామూ ఒక బఫర్ వేషం వేసుకుంటుంది. పేరు మార్చుకోవచ్చు, జాబితాలో చూసుకోవచ్చు, లోపలి పాఠం మాత్రం ఇక్కడా చేతికి రాదు. అయితే తెలుగు రాసేవారికి ఇందులో ఒక మంచి సదుపాయం ఉంది. ఈమ్యాక్స్‌లో తెలుగు-ఐట్రాన్స్, తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ అనే టైపింగ్ పద్ధతులు పుట్టుకతోనే ఉన్నాయి. కంట్రోల్-హెచ్, ఆపై హెచ్ నొక్కితే ప్రపంచ భాషల పలకరింపుల మధ్య నమస్కారం కనిపిస్తుంది. 2020లో వచ్చిన 27వ వెర్షన్ అక్షర సంయోజనకు హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుకోవడంతో వత్తులూ గుణింతాలూ ఫాంటు చెప్పినట్టు కుదురుతున్నాయి. కానీ ఆ టైపింగ్ పద్ధతులు లిస్ప్‌లో ఉన్నవి. సాధారణంగా అవి ఈమ్యాక్స్ గడప దాటవు. ఈఎక్స్‌డబ్ల్యూఎంలో అందుకని విడిగా ఒక భాగం రాశారు. అది పెట్టుకుంటే తెలుగు-ఐట్రాన్స్‌తో ఫైర్‌ఫాక్స్ రాత పెట్టెలో కూడా నేరుగా రాయవచ్చు. ఈఏఎఫ్ బ్రౌజర్‌లోనైతే పెట్టెలోని పాఠాన్ని బఫర్‌లోకి తెచ్చుకుని, అక్కడ తెలుగు రాసి, తిరిగి పంపే దారి ఉండనే ఉంది.

ప్రతివాది: ఆ తిరిగి పంపే దారికి ఈఏఎఫ్ ఎందుకండీ? బ్రౌజర్‌లో ఘోస్ట్‌టెక్స్ట్ ఎక్స్‌టెన్షన్, ఈమ్యాక్స్‌లో దానికి జోడీ ప్యాకేజీ పెట్టుకుంటే మామూలు బ్రౌజర్ పెట్టెలోని పాఠమే బఫర్‌లోకి వస్తుంది. నియోవిమ్ వాళ్లకు ఫైరెన్‌విమ్ ఉంది, రాత పెట్టెలో ఎడిటరే కూర్చుంటుంది. బ్రౌజర్‌ను ఎడిటర్‌లోకి మోసుకురావడం కన్నా ఎడిటర్‌ను బ్రౌజర్ దగ్గరికి పంపడం తేలిక.

వాది: నియోవిమ్ సంగతి వేరు. 2014లో మొదలైనప్పుడే తెర వేరు, ఎడిటర్ వేరు అని గీత గీసుకుంది. ఎడిటర్ మెదడు ఒక ప్రాసెస్, దాన్ని చూపించేది ఇంకో ప్రాసెస్. అందుకే అది వీఎస్ కోడ్‌లో కూడా ఇమిడిపోయింది. ఈమ్యాక్స్‌లో తెర గీయడం కేంద్రంలోనే పెనవేసుకుంది. మనకు మిగిలింది విండో మీద విండో అతికించడమే.

ప్రతివాది: లేదా అతికించకుండా ఊరుకోవడం. ప్లాన్ 9లో ఏక్మీ ఎడిటర్ పీడీఎఫ్ తెరవదు. ఫైలు పేరు మీద నొక్కితే ప్లంబర్ అనే సర్వీసు ఆ పేరును పేజ్ అనే వేరే ప్రోగ్రాముకు అందిస్తుంది. ఎడిటర్‌కు ఏం తెలియాలో అదే తెలుసు.

వాది: ఆ పేజ్ కిటికీలో కీలు మళ్లీ వేరే. తిరిగి మొదటికే వచ్చాం.

ఇక మిగిలింది పోషణ ప్రశ్న. మామూలు ఈమ్యాక్స్ ప్యాకేజీ లిస్ప్ ఫైళ్ల మూట. 2012లో 24వ వెర్షన్‌తో ప్యాకేజీ మేనేజర్ వచ్చాక ఒక్క ఆజ్ఞతో చేరుతుంది. ఈఏఎఫ్ అలా చేరదు. గిట్‌తో తెచ్చుకుని, దానితో వచ్చే పైథాన్ స్క్రిప్టు నడిపి, కావలసిన అప్లికేషన్లు ఎంచుకుంటే అది క్యూటీ లైబ్రరీలనూ పైథాన్ ప్యాకేజీలనూ, కొన్నిటికి నోడ్ ప్యాకేజీలనూ తెచ్చి పెడుతుంది. క్యూటీ 5 నుంచి 6కు మారినప్పుడు ఈఏఎఫ్ కూడా మారవలసి వచ్చింది.

ప్రతివాది: లిస్ప్‌లో ముప్పై ఏళ్ల కిందట రాసిన ప్యాకేజీలు చిన్న సవరణలతో ఈరోజుకీ నడుస్తున్నాయి. పైథాన్, క్యూటీ, క్రోమియం, ఎక్స్ అన్నీ ఒక్కసారి సమకూడితేనే నడిచే మీ బ్రౌజర్ పదేళ్ల తరవాత తెరుచుకుంటుందా?

వాది: తెరుచుకోకపోవచ్చు. అప్పటి వెబ్ పేజీ మీ ఈడబ్ల్యూడబ్ల్యూలో కూడా తెరుచుకోదు. వెబ్ ఎంత వేగంగా మారితే దాన్ని చూపించేది అంత వేగంగా మారాలి. ఆ మార్పంతా ఈమ్యాక్స్ బయట, పైథాన్ తెలిసిన ఎవరైనా దిద్దగలిగే చోట జరుగుతోంది. సి కేంద్రంలో తెర గీసే భాగాన్ని దిద్దగలవాళ్లు ఎంతమంది ఉన్నారు?

ప్రతివాది: వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వాది: పైథాన్ రాసేవాళ్లు?

ప్రతివాది: వీధికొకరు. సరే, పీడీఎఫ్‌కు నా పీడీఎఫ్-టూల్స్ నాకుంది. వెబ్‌కు ఫైర్‌ఫాక్స్ పక్క విండోలో ఉంటుంది. కంట్రోల్-డబ్ల్యూ ఒక్కటి మాత్రం అందులో పనిచేయకుండా చేసే దారి ఉంటే చెప్పండి.